ఈ బండికి ఎవరో చెయ్యేశారు

గత నెలలో ఒక ఆదివారం ఉదయం మా మేనల్లుడు ఒడిశా జయపురంలోని మా ఇంటి ముందు కారు ఆపి, హారన్ కొట్టకుండా ఇంజన్‌ను రెండుసార్లు రేజ్ చేసి నన్ను బయటికి రప్పించాడు. బానెట్ ఎత్తి చూపించాడు. నల్లటి ఎయిర్ క్లీనర్ డబ్బా ఉండవలసిన చోట ఎర్రటి శంకువు ఆకారపు ఫిల్టర్ మెరుస్తోంది. దాని వెనుక హోసు పైపులో అరచేతిలో ఇమిడేంత కరెంటు ఫ్యాను కూర్చుంది. అమ్మినవాళ్లు దానికి ఎలక్ట్రిక్ టర్బో అని పేరు పెట్టారు; టర్బో అంటే ఇంజన్‌లోకి గాలిని నొక్కి పంపే యంత్రం. మొత్తం ఆరు వేల చిల్లర అయిందనీ, వీడియోలు చూసి ఒక్క మధ్యాహ్నంలో తానే బిగించుకున్నాననీ, పికప్ బాగా పెరిగిందనీ చెప్పి, "ఎలా ఉంది మామయ్యా?" అన్నాడు.

చెప్పాలంటే చాలా ఉంది గాని, నా నోటి వెంట వచ్చింది ఒక్కటే: "పాత డబ్బా ఏం చేశావు?"

"పెరట్లో ఎక్కడో పడి ఉంటుంది" అన్నాడు.

ఫిల్టర్ కన్నా, ఫ్యాను కన్నా ఆ జవాబే నన్ను ఎక్కువ కలవరపెట్టింది. ఇంజన్ మీద ప్రయోగాలు చేసే కుర్రవాళ్లను తప్పుపట్టే అర్హత నాకు లేదు. ఎందుకు లేదో కిందికి వచ్చేసరికి మీకే తెలుస్తుంది. నా అభ్యంతరమల్లా, చేసిన మార్పును ఎక్కడా రాసి పెట్టకపోవడం గురించి, అమ్మే రోజున విప్పగలిగినవన్నీ విప్పేసి బండిని మరొకరి చేతిలో పెట్టడం గురించి. ఆ మరొకరిగా నేను ఒకసారి ఉన్నాను.

సుంకి ఘాటీలో పొగ

నాలుగేళ్ల క్రితం విజయనగరంలో ఒక బ్రోకరు ద్వారా చిన్న డీజిల్ కారు కొన్నాను. 1248 సీసీ ఇంజన్, 75 హార్స్‌పవర్. ఒకప్పుడు మన దేశంలో ఎన్నో కంపెనీల కార్లలో ఇదే ఇంజన్ ఉండేది గనుక దీనికి జాతీయ ఇంజన్ అని ముద్దుపేరు కూడా ఉండేది. రీడింగు 90 వేల కిలోమీటర్లు దాటింది. ఆంధ్ర రిజిస్ట్రేషన్‌ను ఒడిశాకు మార్పించుకోవడానికి ఎన్‌ఓసీ తెచ్చుకున్నాను. ఛాసిస్ నంబరుకు పెన్సిల్ అచ్చు తీశారు. ఇంజన్ నంబరు సరిచూశారు. కాగితాల ప్రకారం బండి నిష్కళంకం.

ఏడు నెలలు బాగానే తిరిగింది. ఎనిమిదో నెలలో, సాలూరు నుంచి తిరిగి వస్తూ సుంకి ఘాటీ ఎక్కుతుండగా, మామూలుగా సన్నని ఈలలా వినిపించే టర్బో చప్పుడు ఫైరింజన్ సైరన్‌లా మారింది. రెండు మలుపులు తిరిగేసరికి అద్దంలో వెనుక రోడ్డు కనిపించలేదు, నీలపు పొగ. ఇంజన్ లాగడం మానేసింది. పక్కకు తీసి ఆపాను. మా వెనుకే వస్తున్న లారీ డ్రైవరు దిగి వచ్చి, నేను మళ్లీ తాళం తిప్పబోతుంటే చెయ్యి పట్టుకుని ఆపాడు. టర్బో సీలు పోయి ఆయిల్ గాలి దారిలోకి దిగితే డీజిల్ ఇంజన్ ఆ ఆయిల్‌నే ఇంధనంగా చేసుకుని, తాళం తీసేసినా ఆగకుండా, తనను తాను చీల్చుకునేదాకా పరుగెత్తగలదని ఆయన చెప్పేదాకా నాకు తెలియదు. బండిని తాడు కట్టి తిరిగి సాలూరుకే దింపాము.

సాలూరు లారీల ఊరు. అక్కడ టర్బోలు విప్పే మేస్త్రీలు కారు కన్నా లారీనే ఎక్కువ నమ్ముతారు. షెడ్డులో పెద్దాయన బానెట్ కింద ఐదు నిమిషాలు టార్చి తిప్పి, లేచి చేతులు తుడుచుకుంటూ, "బాబూ, ఈ బండికి ఎవుడో సెయ్యేసినాడు" అన్నాడు.

తర్వాత ఒక్కొక్కటీ వేలు పెట్టి చూపించాడు. టర్బోలో ఒత్తిడి మితిమీరకుండా పొగను పక్కకు వదిలే తలుపును, అంటే వేస్ట్‌గేటును, తెరిచే సన్నని రాడ్డు మీద నట్టుకు కంపెనీలో పూసిన పసుపు రంగు ముద్ర పగిలి ఉంది; నట్టు అంచుల మీద పానా జారిన గీతలు ఉన్నాయి. ఇంజెక్టర్లకు డీజిల్‌ను ఒత్తిడితో అందించే గొట్టం, కామన్ రైల్, మీది ప్రెషర్ సెన్సార్‌కు పోయే వైర్లకు ఒకచోట కంపెనీ తొడుగు పోయి మామూలు నల్ల టేపు చుట్టి ఉంది. ఎయిర్ క్లీనర్ డబ్బా మూతకు నాలుగు క్లిప్పుల్లో ఒకటి లేదు. డబ్బా పక్కన రేకుకు, ఏ పనికీ రాని రెండు మర కన్నాలున్నాయి. చివరగా హోసు ఊడదీసి నా వేలు లోపలికి పెట్టించాడు. ఆయిల్‌లో కలిసిన ఎర్రమట్టి, కుంకుమలా మెత్తగా, వేలికి అంటుకుంది. టర్బోలో గాలిని నొక్కే కంప్రెసర్ చక్రం రెక్కల అంచులు ఎలుక కొరికిన కాగితంలా ఉన్నాయి. షాఫ్టును పట్టుకుని పైకీ కిందికీ కదిపితే చేతికి తెలిసేంత ఆట.

వీటన్నిటినీ కలిపి ఆయన చెప్పిన కథ ఇది. ఎవరో ఈ కారుకు డబ్బా తీసేసి శంకువు ఫిల్టర్ పెట్టారు. దాని క్లాంపు సరిగా కూర్చోలేదు. రైల్ సెన్సార్‌కూ ఇంజన్‌ను నడిపే కంప్యూటర్‌కూ మధ్య ఒక ట్యూనింగ్ బాక్సు తగిలించారు. ఆ బాక్సు చేసే పని అబద్ధం చెప్పడమే: రైల్‌లో ఉన్నదానికన్నా తక్కువ ప్రెషర్ ఉన్నట్టు కంప్యూటర్‌కు చూపిస్తుంది, కంప్యూటర్ నమ్మి ప్రెషర్ పెంచుతుంది, ఇంజెక్టర్లు ఎక్కువ డీజిల్ చల్లుతాయి. ఆ డీజిల్ కాలడానికి గాలి చాలక నల్లపొగ వచ్చి ఉంటుంది గనుక వేస్ట్‌గేటు రాడ్డును బిగించి టర్బో ఆలస్యంగా వదిలేలా చేశారు. అమ్మే ముందు బాక్సు తీసి దాచుకున్నారు, ఫిల్టర్ తీసి డబ్బా పెట్టేశారు. రాడ్డును మాత్రం వెనక్కి తిప్పలేదు. తిన్న రెక్కలను ఎలాగూ తిప్పలేరు.

నాకు 38 వేలు అయింది.

ఇక్కడ నా వాదనలో బలహీనమైన చోటును నేనే చూపించాలి. 90 వేల కిలోమీటర్లు తిరిగిన టర్బో తనంతట తానే పోవచ్చు. సరిగా మార్చని ఆయిలైనా చాలు. మేస్త్రి చెప్పింది ఆనవాళ్లను బట్టి చేసిన ఊహ. ఏ కోర్టులోనూ నిలిచేది కాదు. బ్రోకరు దగ్గర నంబరు తీసుకుని పాత యజమానికి ఫోను చేశాను. ఆయన కోపగించుకోలేదు. "నేను కొన్నప్పటి నుంచీ అలాగే ఉందండీ, నేను రెండో ఓనర్‌ని" అన్నాడు. అది నిజమే కావచ్చు. అప్పుడు ఆయనా నాలాంటివాడే, ఒక మెట్టు పైన నిలబడ్డవాడు. మొదటి యజమాని ఎవరో గాని, ఆయనకు ఆ 75 గుర్రాలు 90 అయిన ఆనందం దక్కింది, బిల్లు మూడో మనిషికి చేరింది.

కంపెనీయే ఇదే ఇంజన్‌ను 90 హార్స్‌పవర్‌తో అమ్మింది గదా, మేము చేసుకుంటే తప్పేమిటని కొందరు అడుగుతారు. మంచి ప్రశ్నే. కానీ ఆ 90 హార్స్‌పవర్ బండిలో ఉన్నది వేరే టర్బో. అందులో పొగ తగిలే కోణాన్ని మార్చే కదిలే రెక్కలుంటాయి. 75 దానిలో అవి లేవు. నట్టు బిగిస్తే చిన్న టర్బోనే మరింత వేగంగా తిరుగుతుంది తప్ప పెద్దది అయిపోదు.

మైదానం లెక్క, కొండ లెక్క

టర్బో ఎంత వేగంగా తిరుగుతుందన్న ప్రశ్నకు మా ప్రాంతంలో జవాబు వేరుగా ఉంటుంది. విజయనగరం దాదాపు సముద్రమట్టానికి దగ్గర; అక్కడ వాతావరణ పీడనం సుమారు 1013 మిల్లీబార్లు. ఘాటీ ఎక్కి కోరాపుట్, సునాబెడ, సిమిలిగుడ పీఠభూమికి వస్తే దాదాపు 900 మీటర్ల ఎత్తు. పీడనం సుమారు 910కి పడిపోతుంది. పదో వంతు గాలి కింద సాలూరులోనే ఉండిపోయిందన్నమాట. టర్బో లేని ఇంజన్ ఆ మేరకు నీరసిస్తుంది. టర్బో ఉన్నదానిలో వేస్ట్‌గేటు బయటి గాలితో పోల్చుకుని ఒక బార్, అంటే వెయ్యి మిల్లీబార్ల, అదనపు పీడనం దాకా తెరుచుకోదనుకుందాం. కింద 1013ను 2013 చేయాలి, అంటే 1.99 రెట్లు. పైన 910ను 1910 చేయాలి, అంటే 2.1 రెట్లు. గేజి మీద ముల్లు అదే అంకె మీద నిలుస్తుంది గాని, చక్రం ఇంకా వేగంగా తిరగాలి. అసలే నిమిషానికి లక్షన్నర, రెండు లక్షల చుట్లు తిరిగే చక్రం అది. కంపెనీ వాళ్లు ఇలాంటి ఎత్తులకు కొంత వెసులుబాటు ఉంచుతారు. మైదానంలో ఆ వెసులుబాటును నట్టు తిప్పి తినేసిన బండిని కొండ మీదికి అమ్మితే, ఆ కొత్తవాడి చేతిలో మిగిలేది ఏమీ లేదు. పైగా మా రోడ్ల మీద బాక్సైట్ మట్టి, ఎర్రదుమ్ము.

లారీ డ్రైవర్లు ఈ లెక్కలు వేయరు గాని వాళ్లకు తెలుసు. సుంకి ఘాటీ ఎక్కి టీ కోసం ఆగినవాడు వెంటనే ఇంజన్ కట్టడు. రెండు నిమిషాలు ఐడిల్‌లో వదిలి, టర్బోలోని వేడి ఆయిల్‌తో పాటు దిగిపోనిస్తాడు. ఎందుకని అడిగితే మా గురువు చెప్పాడంటాడు. కారు చేతులు మారినప్పుడు ఇలా చెప్పే గురువు ఎవరూ వెంట రాడు.

ఐదు ఆంపియర్ల ఫ్యూజు

ఇక మా మేనల్లుడి కారు. 1.2 లీటర్ల పెట్రోల్, టర్బో లేదు. వాడితో వాదించడం కన్నా కొలవడం మేలనిపించింది. ఫ్రిజ్‌లకు వాడే తీగ ధర్మామీటరు ఒకటి తెచ్చి, దాని కొసను ముందు శంకువు ఫిల్టర్ పక్కన కట్టి, పదకొండు గంటల ఎండలో జయపురం బజారు రద్దీలోకి తీసుకువెళ్లాము. 58 డిగ్రీలు చూపించింది. పెరట్లో వెతికి తెచ్చిన పాత డబ్బాను బిగించి, ఫెండర్ వైపు ఉన్న దాని ముక్కులో కొస పెట్టి, అదే దారిన మళ్లీ తిరిగాము. 33. వేడెక్కిన గాలి పలచబడుతుంది. ఈ రెండు అంకెల మధ్య తేడా అంటే గాలి సాంద్రతలో 7, 8 శాతం తరుగుదల. ఊపిరి పెంచుతుందని వాడు కొన్న ఫిల్టర్, రద్దీలో ఇంజన్‌కు రేడియేటర్ వేడిని తాగిస్తోంది. బొరిగుమ్మ రోడ్డు మీద వేగంగా పోతే మాత్రం తేడా బాగా తగ్గింది, 41 దాకా దిగింది. ఆ మాట దాచకూడదు. కంపెనీ పెట్టిన డబ్బాను పిసినారితనంగా చూస్తారు గాని, చల్లని చోటు నుంచి గాలి తేవడం, వానలో నీళ్లు లోపలికి పోకుండా వంపు తిప్పడం, చప్పుడు తగ్గించడం ఆ వికారమైన ప్లాస్టిక్ చేసే పనులు. వరద నీటిలో తక్కువ ఎత్తున ఫిల్టర్ పెట్టుకుని దిగిన ఇంజన్ గాలికి బదులు నీళ్లు మింగితే, నీళ్లు నొక్కుకుపోవు గనుక కనెక్టింగ్ రాడ్డు వంగుతుంది.

ఫ్యాను సంగతి ఇంకా తేలిక. ఆ ఇంజన్ 6000 ఆర్‌పీఎం దగ్గర సెకనుకు దాదాపు 60 లీటర్ల గాలి పీలుస్తుంది. దాన్ని సగం బార్ అదనంగా నొక్కాలంటే మంచి కంప్రెసర్‌కైనా సుమారు 4 నుంచి 6 కిలోవాట్లు కావాలి. 12 వోల్టుల బ్యాటరీ మీద అది 330 నుంచి 500 ఆంపియర్లు. మా వాడి ఫ్యాను తీగ మీద ఫ్యూజు విప్పి అంకె చదివించాను: 5. అంటే ఎంత గింజుకున్నా 60 వాట్లు, అంటే ఒక పాత బల్బు. ఇంజన్ గట్టిగా పీలుస్తున్నప్పుడు ఆ ఫ్యాను గాలిని తొయ్యదు, గాలికి అడ్డుపడుతుంది. అయితే అది పనిచేయకపోవడమే వాడి అదృష్టం. టర్బో కోసం తయారుకాని పెట్రోల్ ఇంజన్‌లో కంప్రెషన్ అసలే ఎక్కువ. నిజంగా సగం బార్ ఎక్కించి ఉంటే నాకింగ్ వచ్చి, అంటే పెట్రోలు అదుపు తప్పి పేలి, పిస్టన్లు పగిలేవి.

ఇదంతా విని వాడు, "కానీ సౌండ్ బాగుంది కదా మామయ్యా" అన్నాడు. దానికి నా దగ్గర జవాబు లేదు. బాగుంది.

నేను అమ్మిన రాజ్‌దూత్

ఎందుకంటే నేనూ ఆ వయసులో ఆ చప్పుడు కోసమే రాజ్‌దూత్ సైలెన్సర్ లోపలి జాలీ గొట్టాన్ని లాగేశాను. టూ స్ట్రోక్ బండికి అది లేకపోతే బలం పెరగకపోగా తగ్గుతుందని అప్పుడు తెలియదు. చాలదన్నట్టు కార్బురేటర్‌లో పెట్రోలు వచ్చే సన్నని కన్నం, మెయిన్ జెట్‌ను, సన్నని సూదితో పెద్దది చేశాను. 1998లో ఆ బండిని బొరిగుమ్మ సంతలో కూరగాయలమ్మే ఒకాయనకు అమ్మినప్పుడు జాలీ గొట్టాన్ని బుద్ధిగా లోపల పెట్టాను. జెట్‌ను చిన్నది చేసే విద్య ఎవరికీ లేదు. నెల తర్వాత ఆయన సంతలో కనిపించి, పెట్రోలు విపరీతంగా తాగుతోందని అంటే, "నడిపే తీరు మీద ఉంటుంది" అన్నాను. ఆయన తల ఊపి, తన తీరే బాగాలేదేమో అన్నట్టు వెళ్లిపోయాడు. కొత్త జెట్టు ఖరీదు అప్పట్లో పదుల రూపాయల్లో ఉండేది.

సుంకి ఘాటీలో పొగ చూసిన రోజున విజయనగరం యజమానిని నేను తిట్టుకున్న తిట్లలో సగం నాకు చెందుతాయి.

లాగ్ బుక్ అనే ఊరి మాట

మా బంధువుల్లో ఒక చిన్నాన్న గారు సునాబెడలో హిందుస్థాన్ ఏరోనాటిక్స్ ఇంజన్ల కర్మాగారంలో పనిచేసి రిటైరయ్యారు. 1960ల నుంచి మిగ్ విమానాల ఇంజన్లు తయారైన చోటు అది. 2025 సెప్టెంబర్ 26న చండీగఢ్‌లో మిగ్-21కు వీడ్కోలు పలికినప్పుడు ఆయన టీవీ ముందు నుంచి కదలలేదు. నా టర్బో కథ విని ఆయన ఒక్క ప్రశ్న వేశారు: "దాని లాగ్ బుక్ ఏదీ?"

ఆయన లోకంలో ఇంజన్ అంటే ఇనుముతో పాటు ఒక పుస్తకం. ఎన్ని గంటలు తిరిగింది, ఏ భాగం ఏ రోజున తీశారు, దాని బదులు ఏది పెట్టారు, ఎవరు చేశారు, ఎవరు తనిఖీ చేశారు; ఇంజన్ ఎక్కడికి పోతే ఆ పుస్తకం అక్కడికి పోతుంది. పుస్తకం పోతే ఇనుము ఎంత బాగున్నా దాన్ని విమానంలో పెట్టరు. టర్బోలో ఉన్నదీ అదే జాతి యంత్రం: వేడి పొగకు తిరిగే ఒక చక్రం, అదే ఇరుసు మీద గాలిని నొక్కే మరో చక్రం. మనం దానిని నట్టు తిప్పి వదిలేస్తున్నాము.

చెయ్యేసిన ప్రతి కారుకూ ఒక నోటు పుస్తకం ఉండాలని నేను అనుకోవడం అప్పటి నుంచే. ఏం మార్చాను, ఏ తేదీన, ఎన్ని కిలోమీటర్ల దగ్గర, నట్టు ఎన్ని చుట్లు తిప్పాను, తీసిన సామాను ఎక్కడ ఉంది. అమ్మేటప్పుడు తాళాలతో పాటు ఇచ్చేయాలి.

దీనికి వచ్చే మొదటి అడ్డు చట్టమే. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం, తయారీదారు మొదట నిర్దేశించిన వివరాలకు ఆర్సీలోని వివరాలు భిన్నమయ్యేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఈ మాటను గట్టిగా నిలబెట్టింది. అదే ఏడాది సవరణతో వచ్చిన 182ఎ సెక్షన్ అనధికార మార్పు చేసిన యజమానికి ఆరు నెలల వరకు జైలు, లేదా మార్పు ఒక్కింటికి 5000 రూపాయల జరిమానా, లేదా రెండూ విధించవచ్చంటుంది. అలాంటప్పుడు నా నోటు పుస్తకం నేరాంగీకార పత్రం అవుతుంది. బీమా కంపెనీ చేతిలో పడితే క్లెయిమ్ తిరస్కరించడానికి సాక్ష్యం కూడా అవుతుంది. చట్టం కఠినంగా ఉండకూడదని నేను అనను. ఘాటీలో ఎదురుగా వచ్చే బండి బ్రేకులూ ఇంజనూ ఎవడి పెరటి ప్రయోగమో కాకూడదు. కానీ సీఎన్‌జీ కిట్టుకు దారి ఉంది గదా: ఆమోదించిన కిట్టు, అధీకృత కేంద్రంలో బిగింపు, ఆర్సీలో నమోదు. కొనేవాడికి కళ్ల ముందు కనిపిస్తుంది. టర్బోకు అలాంటి గడి లేకపోవడం వల్ల మార్పులు ఆగలేదు, చీకట్లోకి పోయాయి.

రెండో అడ్డు చిన్నాన్న గారే వేశారు. "రాసినంత మాత్రాన చెడ్డ పని మంచి పని అయిపోదు" అన్నారు. నిజమే. 1962లో అమెరికాలో ఓల్డ్స్‌మొబైల్ జెట్‌ఫైర్ అనే కారును కంపెనీయే టర్బోతో అమ్మింది. నాకింగ్ రాకుండా నీళ్లూ మెథనాలూ కలిపిన ద్రవాన్ని ప్రత్యేకమైన ట్యాంకులో నింపుతూ ఉండాలి. చెప్పి, రాసిచ్చి, హెచ్చరిక దీపం కూడా పెట్టినా చాలామంది నింపలేదు. చివరికి కంపెనీయే చాలా బండ్ల నుంచి టర్బోలు తీసేసింది. పుస్తకం ఉన్నా చదివేవాడు ఉండాలి. ఈ అభ్యంతరాన్ని నేను పూర్తిగా దాటలేకపోయాను. అయినా చదవనివాడి తప్పు వేరు, చదవడానికి ఏమీ లేనివాడి దురదృష్టం వేరు.

మూడో అడ్డు డబ్బు. ఇది నేను స్వయంగా చవిచూశాను. పోయిన వారం నా డీజిల్ కారును అమ్మకానికి పెట్టాను. నవరంగపూర్ నుంచి ఒక ఉపాధ్యాయుడు వచ్చి నడిపి చూసి, బేరం దాదాపు కుదిరాక, నేను నోటు పుస్తకం ఇచ్చాను. అందులో సాలూరు మేస్త్రి చూపించినవన్నీ ఉన్నాయి, టేపు చుట్టిన వైర్లతో సహా. ఆయన మెట్ల మీద కూర్చుని నిదానంగా రెండుసార్లు చదివి, పదిహేను వేలు తగ్గించమన్నారు. తగ్గించాను. మా మేనల్లుడు పక్కనే ఉన్నాడు. ఆయన వెళ్లాక, "రాయకపోతే ఆ పదిహేను వేలూ నీ జేబులోనే ఉండేవి మామయ్యా" అన్నాడు. ఉండేవే.

వాడి కారులో ఫ్యాను ఇప్పుడు లేదు. శంకువు ఫిల్టర్ మళ్లీ ఎక్కింది, చప్పుడు కోసమే. పాత డబ్బాను మాత్రం కడిగి ఆరబెట్టి, నాలుగు క్లిప్పులూ చిన్న కవరులో వేసి దానికే కట్టి, వాళ్లమ్మ పాత చీరలో చుట్టి అటక మీద పెట్టాడు.